అడుగున గుర్తు లేని గిన్నె

పదిహేడో గిన్నె కూడా ఖాళీగానే వచ్చింది.

సపన తలెత్తేసరికి గడప మీద గిన్నె ఒక్కటే ఉంది. పెట్టిన మనిషి అప్పటికే మెట్లెక్కేసింది. చెప్పుల చప్పుడును బట్టి రెండో అంతస్తు మూల ఖోలీ అని పోల్చుకుంది. తొమ్మిదేళ్లుగా ఈ మెట్ల కింది గదిలోనే ఆమె కుమ్మరి సారె తిరుగుతోంది, గిన్నెలు కాల్చే భట్టి మండుతోంది. తల మీదుగా వెళ్లే ఏ అడుగు ఎవరిదో చూడకుండానే చెప్పగలదు.

ఒంటిగది ఖోలీలు వరసగా ఉన్న ఈ చాల్‌లో ఎవరూ గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వరు. కూర వచ్చిన గిన్నెను కడిగి, ఏదో ఒకటి వేసి పంపుతారు. ఏమీ లేకపోతే పిడికెడు చక్కెర. అదీ లేకపోతే రెండు పచ్చిమిరపకాయలు. తట్టా పారా పట్టుకుని పాలమూరు నుంచి కామాటిపురాకు వచ్చిన తాతల వెంట వచ్చిన అలవాటు అది. మనవలు తెలుగు మరిచిపోయి మరాఠీలో పోట్లాడుకుంటున్నారు గానీ, ఈ అలవాటు మాత్రం మరవలేదు.

నిన్న సాయంత్రం నుంచి మరిచారు. ఒకరిని చూసి ఒకరు.

"లోపలున్నవా? సచ్చినవా?"

పద్దెనిమిదో గిన్నె ముత్తమ్మది. పెట్టేసి పారిపోయే రకం కాదామె. మొదటి అంతస్తులో జాకెట్లు కుడుతుంది. మెడలో టేపు వేసుకునే వచ్చింది.

"ఇగో, నీ గిన్నె నీకు. రెండుసార్లు కడిగిన. ఆనక చేతులు గూడ కడుక్కున్న."

"నీకేమన్న అయిందా ముత్తక్కా? నాలుగేండ్ల సంది అండ్లనే పెరుగు తోడేస్తున్నవ్ కద."

"నాకేమైతది? రాయి లెక్కున్న. గంగవ్వ ముసల్ది, పడ్డది." ముత్తమ్మ గొంతు తగ్గించింది. "పచ్చ గిన్నెల పులుసు పోసుకొని తిన్నదంట. గంటకు వాంతులు. మీ అన్న బిడ్డ స్నేహల్ చూసిందంట."

"నేను పచ్చ గిన్నె ఎవ్వరికి ఇయ్యలే అక్కా."

"మరి మీదికెళ్లి ఊడిపడ్డదా?"

సపన ముత్తమ్మ గిన్నెను తిరగేసింది. అడుగున సూది గుర్తు. పచ్చి మట్టి మీద తానే నొక్కిన గుర్తు. "నీది తెల్లది గద. నీదెందుకు తెచ్చినవ్?"

ముత్తమ్మ కాసేపు టేపు కొసను వేలికి చుట్టుకుంది. "అందరు తెచ్చిరి. నేనొక్కదాన్ని పెట్టుకుంటే నన్ను గూడ అంటరు." వెళ్లబోతూ ఆగింది. "ఆరింటికి నల్ల కాడ కమిటీ. నీ గది తాళంచెవి పట్టుకొని రమ్మన్నడు పెద్దమనిషి బుచ్చన్న."

*

గంగవ్వ సపనకు మేనత్త. తల్లి పోయాక పెంచింది ఆమే. గురువారం మధ్యాహ్నం ఖోలీలో కుప్పకూలింది. రెండు రోజులుగా మున్సిపల్ దవాఖానలో కళ్లు తెరవకుండా పడుంది. కడుపులోకి ఏదో పోయిందని డాక్టర్ అన్నాడు. ఏమిటో తెలిస్తే మందు సులువవుతుందన్నాడు. రిపోర్టు ఇంకా రాలేదు.

సపనను దవాఖాన గడప తొక్కవద్దని ఆమె అన్నయ్య నర్సింగ్ కట్టడి చేశాడు. "పోయి ఏం చేస్తవ్? ఇంకో గిన్నె ఇస్తవా?" అన్నాడు. ఆ మాట తర్వాత అన్నాచెల్లెళ్లు మాట్లాడుకోలేదు.

సపన తలుపు దగ్గరకు లాగి బల్ల వైపు తిరిగింది. బల్ల మీద నాలుగు నిమ్మ చెక్కలు రాత్రంతా ఉన్నాయి. పెట్టింది తనే. తీసి చూడటానికే తెల్లవారినప్పటి నుంచి ధైర్యం చాలడం లేదు.

వర్లిలో మట్టి గిన్నెలు చేసే ఒక మేడమ్ స్టూడియోలో సపన పన్నెండేళ్లు పని చేసింది. నేల తుడవడానికి వెళ్లింది. సారె కడగడం నేర్చింది, తర్వాత తిప్పడం నేర్చింది. మేడమ్ ఆ స్టూడియో మూసేసిన రోజు పాత సారె, పాత కరెంటు భట్టి టెంపోలో వేసి పంపింది. వాటితో పాటు ఒక మాట కూడా చెప్పింది. కొత్త గ్లేజు కలిపినప్పుడల్లా, అంటే గిన్నెకు అద్దంలా పట్టే పూత కలిపినప్పుడల్లా, కాల్చాక దాని మీద నిమ్మచెక్క బోర్లించి ఒక రాత్రి ఉంచాలి. పొద్దున రంగు వెలిస్తే అందులో అన్నం పెట్టకూడదు.

మొదటి చెక్క తీసింది. కింద తెల్ల గిన్నె. మచ్చ లేదు.

రెండోది గోధుమ రంగు. వేలితో రుద్దింది. నునుపుగానే ఉంది.

మూడోది నీలం. అదీ అంతే.

నాలుగో చెక్క గిన్నె మీద లేదు, ఆకుపచ్చ పెంకు మీద ఉంది. తీసింది. కింద గుండ్రంగా, సుద్ద రాసినట్టు, రంగు పోయిన మచ్చ. నిమ్మచెక్క అంచుకు మాత్రం పచ్చదనం పట్టింది.

సపన స్టూలు మీద కూర్చుండిపోయింది.

బతుకమ్మ రోజుల నాటి సంగతి. భట్టి ఇంకో గంట కాలాలి. భట్టి కరెంటంతా లాగేసి వాకిట్లో లైట్లు వెలగడం లేదని బుచ్చన్న వచ్చి దాని మెయిన్ స్విచ్ దించాడు. పై అరల్లోవి అప్పటికే కాలాయి. అడుగు అరకు వేడి చాలలేదు. అక్కడ ఆరు పచ్చ గిన్నెలున్నాయి. పూత సరిగా కరగలేదు. అలాంటి వాటిని అప్పటికప్పుడు పగలగొట్టాలి. అది పనిలో మొదటి నియమం. ఐదు పగలగొట్టింది. ఈ పెంకు వాటిదే.

ఆరోది లేత తమలపాకు రంగులో వచ్చింది. ఎత్తిన చేయి ఆగిపోయింది. స్పాంజి పెట్టుకుంటానులే అనుకుని బకెట్ పక్కన పెట్టింది. నాలుగు రోజులకు చూస్తే అది అక్కడ లేదు. తానే పగలగొట్టి మరిచిపోయాననుకుంది.

ఫోన్ తీసి మేనకోడలికి చేసింది. దవాఖానలో గంగవ్వ మంచం దగ్గర ఉన్నది స్నేహలే.

"బోల్ అత్తా."

"డాక్టర్‌కు ఒక మాట చెప్పు. పచ్చ రంగుకు నేను రాగి కలుపుత. ఆ గిన్నెలకెళ్లి రాగి పులుసులకు దిగింది. రాగి అని చెప్పు. మరువకు."

స్నేహల్ మంచం దగ్గరి నుంచి పక్కకు వెళ్లినట్టుంది, గొంతు తగ్గించింది.

"అంటే... తూనే దియా క్యా అత్తా? నువ్వే ఇచ్చినవా?"

"ఎవరిచ్చిన్రో నాకు తెల్వది. ముందుగాల నువ్వు పోయి చెప్పు."

ఫోన్ పెట్టేశాక గానీ తట్టలేదు, తన నోటితో తానే ఒప్పుకున్నట్టయిందని.

*

పైన ఖోలీలో నర్సింగ్ యూనిఫాం వేసుకుని కూర్చున్నాడు. గ్రాంట్ రోడ్ దగ్గర ఒక ఆఫీసులో ప్యూను. శనివారం కూడా డ్యూటీ. ముందు స్టీలు ప్లేటులో ఉప్మా చల్లారిపోతోంది. వదిన యాదమ్మ స్టవ్ వైపు తిరిగి నిలబడింది.

"అన్నా, ఒక్క మాట వినిపో."

"టైమ్ అయితున్నది."

"చాల్ల ఇచ్చిన గిన్నెలు మంచియే. నిమ్మకాయ పెట్టి చూసిన. ఒక్క పచ్చదే ఖరాబు. అది నేనెవ్వరికి ఇయ్యలే. అది గంగత్త కాడికి ఎట్ల పోయిందో కనుక్కుంటే..."

"నిమ్మకాయ!" నర్సింగ్ నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. "ముసల్ది నోట్ల నురుగు కక్కుకుంట పడ్డది. నువ్వు నిమ్మకాయ ముచ్చట చెప్తున్నవ్. ఏ, చేసింది ఎవరు? కాల్చింది ఎవరు? నడుచుకుంట పోయిందా గిన్నె?"

"బుచ్చన్న మామ మెయిన్ దించకుంటే..."

"ఇప్పుడు ఆయన మీద పెడ్తున్నవా? శాబాష్."

"మీద పెడ్తలేను. ఎట్లైందో చెప్తున్న."

"కమిటీ కాగితం మీద నేను సంతకం పెట్టిన సపనా." నర్సింగ్ ప్లేటు పక్కకు జరిపాడు. "నిన్ననే పెట్టిన. భట్టి తీసేస్తరు. వైర్ కోసేస్తరు. మా ఇంట్ల మనిషి చేసిన దానికి మేమే ముందుండాలె గద. లేకుంటే ఈ చాల్ల ఏ ముఖం పెట్టుకొని తిరగాలె?"

"నన్ను ఒక్క మాట అడగవా అన్నా?"

"అడిగితే ఏం చెప్తుంటివి? నిమ్మకాయ అంటుంటివి."

సపన వదిన వైపు చూసింది. యాదమ్మ ఊరుకునే మనిషి కాదు. అన్నాచెల్లెళ్ల మధ్య గొడవ వస్తే గరిటె పట్టుకుని మధ్యలోకి వచ్చి ఇద్దర్నీ తిట్టేది. ఇవాళ వెనక్కి తిరగనైనా లేదు. స్టవ్ మీద ఏమీ లేదు. మంట మాత్రం వెలుగుతోంది.

"వదినా, నువ్వన్న చెప్పు."

యాదమ్మ మంట తగ్గించింది. మళ్లీ పెంచింది.

"ఆమెనేం అడుగుతవ్?" నర్సింగ్ చెప్పులేసుకున్నాడు. "ఆమె గూడ నీ గిన్నెలు చేసిందా ఏంది?"

*

మధ్యాహ్నం వరకు సపన గిన్నెలు తుడుస్తూ కూర్చుంది. గిన్నెలు ఇచ్చింది ఇరవై రెండు ఖోలీలకు. ఇరవై ఒక్క గిన్నెలు వచ్చాయి, గంగవ్వదాన్ని కూడా ఎవరో తెచ్చి పెట్టారు. ముక్కుపుడక గుర్తున్న గోధుమ రంగు గిన్నె. రానిది ఒక్కటే, బుచ్చన్నది.

భట్టి తెరిచిన ప్రతిసారీ మొదటి గిన్నె ఒక ఖోలీకి ఇచ్చేది. అమ్మేవి తర్వాత. ఆ గిన్నెల్లో పెరుగు తోడుకుంది, పిల్లలు పాలు తాగారు, ఒకామె కొడుకు పెళ్లికి పసుపు కలిపింది. పొద్దున నల్ల దగ్గర నిలబడితే ఏ వాకిట్లో తన గిన్నె తోముతున్నారో కనిపించేది. ఆమెకు మొగుడూ పిల్లలూ లేరు. ఎప్పుడైనా దిగులనిపిస్తే అలా ఒకసారి నల్ల దాకా వెళ్లి వచ్చేది.

ఇప్పుడవన్నీ తన ముందే ఉన్నాయి. అంగడిలో సరుకులా.

తలుపు మీద వేళ్లతో తట్టిన చప్పుడు. ఆ అడుగు దిగడం సపన వినలేదు. చెప్పులు లేకుండా వచ్చింది యాదమ్మ. కొంగు కింద ఏదో పట్టుకుంది.

"తలుపెయ్యి," అంది.

సపన తలుపు వేసింది. యాదమ్మ కొంగు తీసింది.

తమలపాకు రంగు గిన్నె.

సపన దాన్ని అందుకోలేదు. చూస్తూ ఉండిపోయింది. "ఏడ దొరికింది?"

"దొరకలే. నా కాడనే ఉండె. గంగవ్వను దవాఖానకు తీసుకపోయినంక ఆమె ఖోలీకెళ్లి తెచ్చి బియ్యం డబ్బల దాచిన." యాదమ్మ గిన్నెను ఇంకాస్త ముందుకు చాపింది. "నీ బకెట్ పక్కకెళ్లి నేనే తీసుకపోయిన. ఎట్లైన పారేసేదే గద అనుకున్న."

"అడిగితే ఇయ్యకపోదునా వదినా?"

"అడిగి తెచ్చుకోవాల్నా?" యాదమ్మ తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇరవై రెండు ఖోలీలకు అడగకముందే ఇచ్చినవ్. ముత్తమ్మకు సూది. బుచ్చన్న మామకు తాపీ. గంగవ్వకు ముక్కుపుడక. మన ఖోలీకి ఏం గుర్తు పెట్టినవ్ సపనా? చెప్పు, నీకేమన్న యాదికున్నదా?"

సపన తుడిచి పెట్టిన గిన్నెల వరస వైపు చూసింది. వాటిలో తమ ఖోలీది లేదు.

"తొమ్మిదేండ్లు చూసిన. ఇయ్యాల ఇస్తది, రేపిస్తది అని."

"స్టీలు ప్లేటైతే పగలదని అన్న అన్నడు. నవ్విండు. అందుకే..."

"మీ అన్న అన్నడు. నేనన్ననా?"

పైన ఎవరో బిందె దించిన చప్పుడు. ఇద్దరూ ఆగారు. చప్పుడు పోయింది.

"బుధవారం చింతపులుసు చేసిన," అంది యాదమ్మ, నేల వైపు చూస్తూ. "అండ్ల పోసి పెట్టిన. రాత్రి పెడితే తెల్లారి మంచిగుంటదని గంగవ్వే అంటది గద. గురువారం తీసుకపోయి ఇచ్చిన. ఎంత మంచిగుందే గిన్నె అన్నది. సపన ఇచ్చిందా అని అడిగింది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఊఁ అన్న."

సపన గిన్నె తీసుకుని తిరగేయబోయి ఆగింది. అందులో చక్కెర ఉంది. పిడికెడు.

ఇరవై ఒక్క గిన్నెలు ఖాళీగా వచ్చాయి. నిండుగా వచ్చింది ఇదొక్కటే.

"ఇదేంది వదినా?"

యాదమ్మ గిన్నె వైపు అప్పుడే చూస్తున్నట్టు చూసింది. "ఉత్తగ ఎట్ల ఇయ్యాలె?" అంది. చెయ్యి తనంతట తానే చేసిన పని అది.

తలుపు గడియ మీద చేయి వేసి వెనక్కి తిరిగింది. "మీ అన్నకు తెలిస్తే నన్ను ఉండనియ్యడు. చాల్ల ఒక్కరు నాతోని మాట్లాడరు. చెప్తవా?"

ఎవ్వరూ మాట్లాడకపోవడం అంటే ఏమిటో నాకు చెప్తున్నావా, అనుకుంది సపన.

ఆ మౌనాన్ని యాదమ్మ ఎలా అర్థం చేసుకుందో తెలియదు. వచ్చినంత మెత్తగా వెళ్లిపోయింది.

సపన గిన్నెను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చక్కెర పారబోసి, గిన్నె పగలగొడితే సరిపోతుంది. సుత్తి అందుబాటులోనే ఉంది. రెండుసార్లు లేచింది. రెండుసార్లూ కూర్చుంది.

*

ఆరింటికి నల్ల దగ్గర మనుషులు మూగారు. పై అంతస్తుల వాళ్లు వరండా కటకటాలకు ఆనుకుని నిలబడ్డారు. నర్సింగ్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, చెల్లెలికి దూరంగా, గోడవారగా నిలబడ్డాడు. యాదమ్మ మెట్ల మలుపు దగ్గర ఆగింది.

బుచ్చన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. డెబ్బై దాటిన మేస్త్రీ. ఈ చాల్ గోడల్లో సగం ఆయన తాపీతో మెత్తిన గిలాబే.

"బిడ్డా, నీ మీద నాకు కోపం లేదు. నా గిన్నె నేనింక వాపస్ ఇయ్యలే, చూసినవ్ కద. ఒక్కటే అడుగుత. సాఫ్ సీదా చెప్పు. గంగవ్వకు ఆ పచ్చ గిన్నె ఎవరిచ్చిన్రు? నువ్వు కాదు, వేరేటోళ్లని తేలితే నీ భట్టి జోలికి రాం. కాగితం చింపేస్త. నువ్వే అంటే మాత్రం తాళంచెవి ఇచ్చెయ్యి."

సపన కొంగు కింది నుంచి గిన్నె తీసి ఆయన ముందున్న స్టూలు మీద పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక అడుగు వెనక్కి జరిగారు.

"ఇది పగలగొట్టాల్సిన గిన్నె. పగలగొట్టలే. తప్పు నాదే మామా."

"నేనడిగింది అది గాదు. ఎవరిచ్చిన్రు?"

ఇక్కడ ఒక్క గొంతు లేస్తే చాలు. సపన వెనక్కి తిరగలేదు. మెట్ల మలుపు వైపు చెవి పెట్టి నిలబడింది. నల్ల నుంచి నీటి చుక్క పడింది. ఇంకొకటి పడింది. వెనక గాజులు ఒకసారి చప్పుడై ఆగిపోయాయి. అంతే.

"నేనే," అంది సపన.

"పొద్దుగాల ఇయ్యలేదన్నది!" పై నుంచి ఎవరో అన్నారు. "ఛీ, ఇంట్ల ముసల్దానికే!" ఇంకొకరన్నారు. నర్సింగ్ తల దించుకున్నాడు.

సపన నడుముకున్న తాళంచెవి తీసి బుచ్చన్న అరచేతిలో పెట్టింది. తొమ్మిదేళ్లుగా ఒంటి మీదే ఉన్నదది. ఇచ్చాక ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బుచ్చన్న వేళ్లు మూయబోయాడు.

"ఆగు బుచ్చన్నా." ముత్తమ్మ గుంపులోంచి ముందుకు వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది. స్టూలు మీదికి వంగి గిన్నెలోకి చూసింది. "ఇండ్ల చక్కెరున్నది."

"ఉంటే?"

"ఉంటే ఏంది? ఇచ్చే గిన్నెల ఎవరన్న చక్కెర పోస్తరా? వాపస్ ఇచ్చే గిన్నెల గద పోసేది." ముత్తమ్మ నిటారుగా లేచింది. జాకెట్ కొలత తీసేటప్పుడు చూసినట్టు సపనను కింది నుంచి పైకి చూసింది. "గంగవ్వ దవాఖానలున్నది. ఈ గిన్నె నీకు వాపస్ ఎవలిచ్చిన్రే?"

సపన పెదవులు బిగించింది. పారబోయలేకపోయిన ఆ పిడికెడు చక్కెర వైపు చూడకుండా ఉండటానికి ఆమె అన్న ముఖంలోకి చూసింది.

నర్సింగ్ ఆమెను చూడటం లేదు. గిన్నెను చూస్తున్నాడు. బుధవారం తమ ఇంట్లో చేసిన చింతపులుసు మనసులో మెదిలిందో ఏమో. తర్వాత, మెల్లగా, మెట్ల వైపు తల తిప్పాడు.

యాదమ్మ ఒక మెట్టు దిగింది.